మీ ప్రశ్నలకు జవాబులు: గాలిమర తిరిగింది, లైటు వెలగలేదు

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. హైస్కూల్లో సైన్స్ చెప్తాను. క్లాసులోంచి చూస్తేనే దూరంగా గాలిమరలు కనబడతాయి కదా అని ఎనిమిదో తరగతి పిల్లలతో అట్టముక్కలు, బొమ్మకారు మోటరు, ఎల్‌ఈడీతో ఒకటి చేయించాను. టేబుల్ ఫ్యాన్ ముందు పెడితే బ్రహ్మాండంగా తిరిగింది, లైటు మాత్రం వెలగలేదు. పిల్లలు డీలా పడ్డారు. వచ్చే నెల సైన్స్ ఎగ్జిబిషన్, నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? — ఒక టీచర్

జవాబు: మేడమ్, ముందు ఆ ఎల్‌ఈడీని తీసి పక్కన పెట్టండి. మీ పిల్లలు చేసిన దాంట్లో లోపమేమీ లేదు. ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలంటే దాదాపు 2 వోల్టులు కావాలి, తెల్లదానికి 3 దాకా కావాలి. మోటరును తిప్పితే వచ్చే వోల్టేజీ దాని వేగాన్ని బట్టి ఉంటుంది. 3 వోల్టుల బ్యాటరీకి నిమిషానికి 6,000 చుట్లు తిరిగే మోటరు అనుకోండి, దాన్ని మీ అట్టరెక్కలు 600 చుట్లే తిప్పితే వచ్చేది 0.3 వోల్టు, అది ఎల్‌ఈడీకి ఏ మూలకూ చాలదు. అంటే కరెంటు పుట్టలేదని కాదు, పుట్టింది, కంటికి కనబడలేదంతే. మల్టీమీటరును 2 వోల్టుల డీసీ దగ్గర పెట్టి పిల్లల చేతికే ఇవ్వండి, అంకెలు కదులుతుంటే వాళ్ల మొహాలు చూడండి.

నన్నడిగితే మొదటి రోజు అసలు కరెంటు జోలికే పోవద్దు. మోటరు బదులు సైకిల్ స్పోకు తీసుకుని స్ట్రా ముక్కలో దూర్చి, ఒక కొసన రెక్కలు, రెండో కొసన దారం, దారానికి పేపరు గ్లాసు. గ్లాసులో శెనక్కాయలు ఒక్కొక్కటే వేస్తూ పోవాలి, అనంతపురం వైపు వాటికి కొదవేముంది! ఎన్ని కాయల్ని, ఎంత ఎత్తుకు, ఎన్ని సెకన్లలో లాగిందో రాసుకుంటే పవర్ అంటే ఏమిటో నిర్వచనం బట్టీ పట్టకుండానే వచ్చేస్తుంది.

రెక్కలకు మధ్యలో పచ్చి బంగాళదుంప ముక్క వాడండి. ఐస్‌క్రీమ్ పుల్లకు అట్ట అంటించి దుంపలో గుచ్చితే, పుల్లను అటూ ఇటూ తిప్పి కోణం మార్చుకోవచ్చు. (మరుసటి రోజుకు దుంప ఎండి పుల్లలు వదులైపోతాయి, కొత్త ముక్క కోసుకోవాలి.) గాలికి బల్లపరుపుగా ఎదురు నిలబెట్టిన రెక్క మొరాయిస్తుంది. కొంచెం వాలిస్తే కదులుతుంది. కోణమానినితో 10, 20, 30, 45 డిగ్రీలు కొలిచి పెట్టి చూడనివ్వండి, ఆ తర్వాతే రెండు రెక్కలా, మూడా, ఆరా అన్నది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఇక్కడ మాత్రం గట్టిగా ఉండండి, లేకపోతే ఏది ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు. ఎక్కువ రెక్కలు బాగా వాల్చి పెడితే బరువు లాగడానికి బాగుంటుంది, కరెంటుకు కావలసిన వేగం మాత్రం తక్కువ రెక్కలకే వస్తుంది. ఇది మీరు చెప్పొద్దు, వాళ్లనే కనుక్కోనివ్వండి.

ఫ్యాన్‌కు మూడడుగుల దూరం ఉంచండి, సరిగ్గా నడిమధ్యన గాలి పలచగా ఉంటుంది కాబట్టి కాస్త పక్కకు జరపండి. రేకు రెక్కలు వద్దు, జడలు ముడి వేసుకోమనండి. ఎగ్జిబిషన్‌లో లైటు వెలిగి తీరాలంటే రిపేరు షాపులో పాత ప్రింటర్ స్టెప్పర్ మోటరు అడగండి, దాన్ని చేత్తో తిప్పినా ఎల్‌ఈడీ మినుకుమంటుంది.

ప్రశ్న: సార్, ఫ్యాన్ ముందు గాలిమర పెట్టి, ఆ కరెంటుతో అదే ఫ్యాన్‌ను నడిపితే కరెంటు బిల్లే ఉండదు కదా? — తొమ్మిదో తరగతి విద్యార్థిని, జమ్మలమడుగు

జవాబు: ఉండదు తల్లీ, ఎందుకంటే ఫ్యాన్ ఆగిపోతుంది! ఫ్యాన్ తీసుకున్న కరెంటులో కొంత మోటరు వేడికే పోతుంది. మిగిలింది గాలి రూపంలో బయటికొస్తే, అందులోనూ సగం గాలి నీ గాలిమర పక్కనుంచి వెళ్లిపోతుంది. తగిలిన గాలిలోని శక్తిలో కూడా 59.3 శాతానికి మించి ఏ గాలిమరా పట్టుకోలేదని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే లెక్క తేల్చాడు. మొత్తం పట్టేస్తే గాలి అక్కడే నిలిచిపోవాలి, వెనకొచ్చే గాలికి దారెక్కడిది? ఈ ప్రశ్న మీ క్లాసులో అడుగు, మీ సార్ సంతోషిస్తారు.

ప్రశ్న: తాడిపత్రి వైపు కొండల మీద ఫ్యాన్లు అంత నిదానంగా తిరుగుతాయి, వాటికి కరెంటు ఎట్లా వస్తుందని మా వాడు అడిగాడు. నేను నోరు వెళ్లబెట్టాను. — ఒక తండ్రి

జవాబు: నిదానమని కంటికి అనిపిస్తుందన్నా, లెక్క వేరు. రెక్క పొడవు 50 మీటర్లు, నిమిషానికి 15 చుట్లు అనుకోండి. ఒక చుట్టుకు రెక్క కొస 314 మీటర్లు తిరగాలి, గంటకు లెక్కేస్తే సుమారు 280 కిలోమీటర్ల వేగం! లోపల చాలావాటికి గేర్‌బాక్సు ఉంటుంది, ఆ 15 చుట్లను జనరేటరు దగ్గర వెయ్యికి పైగా చుట్లుగా మారుస్తుంది. ఆషాఢం గాలి మొదలయ్యాక మీవాడిని రోడ్డు పక్కనే నిలబెట్టి, సెల్‌ఫోన్ గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టమనండి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, కంపెనీలు ఈ నాలుగు నెలల గాలి కోసమే ఎదురుచూసేది అందుకే. కంచె దాటి దగ్గరికి మాత్రం పోనివ్వకండి.