కాలవగట్టు మీద 20 కిలోమీటర్లు నడవాలంటే ముందు వంతెనలు లెక్కపెట్టుకోండి

కొండదారుల్లో 12, 13 కిలోమీటర్లు తేలిగ్గా నడిచేస్తానన్నారు. ఇప్పుడు పల్లపు ప్రాంతంలో ఏటిగట్టూ కాలవగట్టూ పట్టుకుని ఒక్క రోజులో 20 కిలోమీటర్లు వెళ్లాలనుకుంటున్నానని, చదునే కాబట్టి ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా అని అడిగారు.

చాలానే ఉంది. కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దాంతో మనంతట మనమే ఆగుతాం. చదును మీద ఆయాసం రాదు, కాబట్టి ఆగం. పాదాలు మొరాయించేదాకా సంగతి తెలియదు. ఎగుడుదిగుడు దారిలో అడుగు పడే తీరు మాటిమాటికీ మారుతుంది, ఒత్తిడి కాస్త అటూ ఇటూ సర్దుకుంటుంది. గట్టు మీద ప్రతి అడుగూ ఒకే పొడవు, ఒకే కోణం. కిలోమీటరుకి సుమారు 1,300 నుంచి 1,400 అడుగులు పడతాయి. 20 కిలోమీటర్లంటే దాదాపు 27 వేల అడుగులు, అంటే ఒక్కో పాదానికి 13 వేలకి పైగా సార్లు అరికాల్లో అదే చోట, మడమ వెనక అదే కుట్టు దగ్గర రాపిడి.

సమయం లెక్క కూడా ఇక్కడ మోసం చేస్తుంది. గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకి మరో గంట అని స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం చాలామందికి తెలుసు. గట్టు మీద ఎక్కేది ఏమీ లేదు కాబట్టి 20 కిలోమీటర్లు నాలుగు గంటల్లో అయిపోవాలి. అవదు, ఎందుకంటే అందులో ఆగే సమయం లేదు, నేల తేడా లేదు. గట్టిపడ్డ మట్టిబాట మీద విశ్రాంతితో కలిపి గంటకి 4 వేసుకోండి. మోకాలెత్తు గడ్డిలో అయితే 3. తడి బంకమట్టి బూట్లకి అట్టలు కట్టేచోట 2 వచ్చినా గొప్పే.

ఇక దారి ఎంచుకోవడం. అసలు పని ఇక్కడే ఉంది. గట్టు మీద దారి తప్పడం కష్టం, దారి తెగిపోవడం మాత్రం మామూలే. ముందు ఏ గట్టు పట్టాలో తేల్చుకోవాలి. కుడిగట్టు, ఎడమగట్టు అనేవి నీళ్లు పారే దిక్కుకి ముఖం పెట్టి నిలబడితే వచ్చే కుడి, ఎడమలు. ప్రవాహానికి ఎదురు నడుస్తున్నప్పుడు అవి మీకు తారుమారవుతాయి. ఉపగ్రహ చిత్రం తెరిచి రెండు గట్లూ విడివిడిగా వేలు పెట్టి చూసుకుంటూ రండి. మీ వైపు నుంచి వచ్చి కలిసే ప్రతి పాయ దగ్గరా, పిల్లకాలవ దగ్గరా, మురుగుకాలవ దగ్గరా ఆగి, దాటే మార్గం ఉందా అని చూడండి. తూము మీద నుంచి నడిచే వీలుంటే సరే. లేకపోతే ఆ పాయ వెంబడే పైకి వెళ్లి, ఎక్కడో వంతెన దాటి, అవతలి ఒడ్డున అంత దూరమూ వెనక్కి రావాలి. అయిదు మీటర్ల వెడల్పు పాయ మూడు కిలోమీటర్లు చుట్టు తిప్పగలదు. తుంగా గుర్రపుడెక్కా కమ్మేసిన పాయ పైనుంచి చూస్తే పచ్చికలా కనిపిస్తుంది, బొమ్మ బాగా పెద్దది చేసి చూడాలి. ఆ బొమ్మ ఏ నెలలో తీసిందో కూడా చూడండి. వేసవిలో పొడిగా పడున్న పాయ వానల్లో నడుములోతు ఉండొచ్చు.

తర్వాత వంతెనలు. రెండు వంతెనల మధ్య దూరమే ఈ నడకకి అసలు కొలత. వంతెన దగ్గర రోడ్డు తగులుతుంది, బండి రాగలదు, మనుషులుంటారు. మధ్యలో ఇవేవీ ఉండవు. వంతెనలు రెండేసి కిలోమీటర్లకి ఉంటే ధైర్యంగా బయల్దేరొచ్చు. మధ్యలో ఏడు కిలోమీటర్ల ఖాళీ కనిపిస్తే, ఆ ముక్క పొద్దున్నే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే అయిపోయేలా మొదలుపెట్టే చోటు మార్చుకోండి. పడవల్ని ఒక నీటిమట్టం నుంచి మరోదానికి చేర్చే లాకు తలుపుల మీది కాలిబాటా, ప్రవాహాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ పైదారీ దాటడానికి పనికొస్తాయి గానీ తాళం వేసి ఉండొచ్చు, వాటిని నమ్ముకుని దారి గీయొద్దు. ఏటి వంపులు కూడా లెక్కలోకి తీసుకోండి. రెండు ఊళ్ల మధ్య రోడ్డు 8 కిలోమీటర్లుంటే ఏటి వెంబడి 12 అవడం వింతేమీ కాదు.

కాలవ ఏ పనికి తవ్విందో తెలిస్తే బాట ఎలా ఉంటుందో చాలావరకు ఊహించొచ్చు. పాత పడవల కాలవల పక్క బాటలు పశువులు పడవని లాగడానికి వేసినవి, కాబట్టి లాకుల దగ్గర తప్ప వాలు ఉండదు. అమెరికాలోని చెసపీక్-ఒహాయో కాలవ బాట దాదాపు 297 కిలోమీటర్లు సాగుతుంది, మొత్తం ఎత్తు తేడా 184 మీటర్లే, దాన్ని 74 లాకులతో దాటించారు. సాగునీటి కాలవ గట్టు సంగతి వేరు. అది తనిఖీ బండి తిరగడానికి, పూడిక మట్టి పోసుకోవడానికి. పూడిక కొత్తగా తీసిపోసిన చోట పైన ఎండి పెంకు కట్టినా లోపల మెత్తగా ఉంటుంది, కాలు చీలమండ దాకా దిగబడుతుంది. అవతలి గట్టు మారడం తప్ప దానికి మందు లేదు.

గట్టు పైభాగం తరచుగా ఒక పక్కకి వాలి ఉంటుంది. గంటలకొద్దీ అలాగే నడిస్తే పల్లంవైపు కాలికి మోకాలి బయటి పక్క నొప్పి మొదలవుతుంది. బండి చక్రాల జాడలు రెండుంటే అరగంటకోసారి జాడ మారండి, వంతెన వచ్చినప్పుడు వీలైతే గట్టే మారండి. సన్నటి కంకర, తారు ఉన్నచోట మధ్యలోని గడ్డి పట్టీ మీద నడిస్తే మడమలకి హాయి. నొప్పి వచ్చాక మారితే పెద్దగా ఉపయోగం లేదు.

బూట్లు బరువైనవి వద్దు. చీలమండ దాటని తేలికపాటి జత, మామూలు కొలత కన్నా అర సైజు పెద్దది చాలు. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. నూలు మేజోళ్లు చెమట పీల్చుకుని అలాగే తడిగా ఉండిపోతాయి. ఉన్నివో సింథటిక్‌వో వేసుకుని, మరో జత సంచిలో పెట్టుకుని సగం దూరంలో మార్చండి. పొద్దున గడ్డి మీది మంచు జాలీ బూట్లని పదిహేను నిమిషాల్లో తడిపేస్తుంది, అసలు బొబ్బలకి పునాది అక్కడే పడుతుంది. పాదంలో ఎక్కడైనా వెచ్చగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే వచ్చే వంతెన దాకా ఓర్చుకుందాం అనుకోవద్దు. అక్కడే కూర్చుని బూటు విప్పి, తడి పూర్తిగా తుడిచి, గాలికి ఆరనిచ్చి, ముడత లేకుండా టేపు అంటించండి. తడి చర్మం మీద అంటించిన టేపు కిలోమీటరు తిరక్కుండానే ఉండచుట్టుకుని అదే కొత్త బొబ్బకి కారణమవుతుంది. బొబ్బ చిట్లితే నీళ్లు చొరని పట్టీ వేయాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటిగుంటల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు పుళ్ల గుండా లోపలికి రాగలదు.

నీటి అంచుతో చనువు వద్దు. ఏరు వంపు తిరిగేచోట బయటివైపు ఒడ్డు కోసుకుపోతుంది, లోపలివైపు ఒండ్రు పడుతుంది. బయటి వంపులో పైన గడ్డి పచ్చగా ఉన్నా కింద డొల్ల అయి ఉండొచ్చు. అంచుకి సమాంతరంగా బీట కనిపిస్తే ఆ బీటకి ఇవతల, రెండు మూడు మీటర్లు ఎడంగా నడవండి. సిమెంటు చేసిన కాలవలు ఇంకా ప్రమాదం. ఏటవాలు గోడల మీద నాచు పట్టి ఉంటుంది, ఈత వచ్చినవాళ్లూ పైకి రాలేరు. ఎవరైనా పడితే వెంట దూకొద్దు. కర్రో తాడో గుడ్డో అందించండి, ప్రవాహంతోపాటు కిందికి వెళ్లి మెట్లు పట్టుకోమని కేకేయండి. తూములు, సైఫన్ల (కాలవ నీటిని రోడ్డు కిందుగానో ఏటి కిందుగానో దాటించే గొట్టాల) ముఖాల దగ్గర పైకి నిశ్చలంగా కనిపించినా లోపల గుంజుడు ఉంటుంది.

కరకట్టకీ నదికీ మధ్య కిందిబాట ఉంటే అది నీడగా, అందంగా ఉంటుంది, మునిగేదీ అదే. చెట్ల మొదళ్ల మీద బురద చార, కొమ్మల్లో చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తే మొన్నటి నీటిమట్టం తెలిసిపోతుంది. ఎగువన ఆనకట్ట ఉంటే మబ్బు లేని రోజునా నీరు పెరగొచ్చు. బయల్దేరేముందు నీటిమట్టం అంకె ఒక్కటే చూడకండి, గత 24 గంటల్లో పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. బాట మీదకి నీరు వచ్చి ఉంటే దిగొద్దు, అంచు ఎక్కడుందో కనిపించదు. వడిగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలదు.

వెళ్లిన దారినే తిరిగి రావాలంటే ఎదురుగాలిలో మొదలుపెట్టండి, అలిసిపోయాక గాలి వెనకనుంచి తోస్తుంది. ఉరుము వినిపిస్తే గట్టు దిగిపోండి, ఆ బయల్లో ఎత్తైన వస్తువు మీరే. ఒంటరి చెట్టు కిందకి మాత్రం వెళ్లొద్దు. తాగునీరు గంటకి అర లీటరు, ఎండ ఎక్కువైతే లీటరు దాకా మోసుకెళ్లాల్సిందే. పొలాల మందులు, ఎరువులు కలిసిన కాలవ నీటిని కాచినా రసాయనాలు పోవు, ఆవిరైనకొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి. మామూలు చేతి ఫిల్టరు కూడా కరిగినవాటిని ఆపలేదు.

సాయం కోసం ఫోన్ చేయాల్సి వస్తే "కాలవ పక్కన ఉన్నాం" అంటే ఎవరికీ అర్థం కాదు. కాలవ పేరు, ఏ గట్టు, చివరగా దాటిన వంతెన నంబరు లేదా కిలోమీటరు రాయి మీది అంకె, అక్కడినుంచి ఎటువైపు ఎన్ని నిమిషాలు నడిచారో చెప్పండి. ఇందుకోసమే వంతెన దాటినప్పుడల్లా దాని మీది నంబరు ఫోటో తీసుకోండి, ఫోటోతోపాటు టైమూ నమోదవుతుంది.