నాన్న మంచాన పడ్డా సంఘం నుంచి ఎవరూ రాలేదు, వేరే చర్చికి మారిపోవచ్చా?

వందనాలండి. నర్సంపేట నుంచి హనుమకొండకు వచ్చి ఏడాది అయినా సంఘంలో మీ పేరు తెలిసినవాళ్లు లేరని, నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచాన పడితే ఒక్కరూ మీ గడప తొక్కలేదని రాశారు. ఇక అక్కడ ఉండడం దేనికని అడిగారు. మీ కోపం న్యాయమైనదే. అయితే మారిపోయే ముందు ఒక పని చేయండి. జరిగినదంతా సంఘ పెద్దలకు నోరు తెరిచి చెప్పండి.

అలా చెప్పడం సణుగుడు అవుతుందని, విశ్వాసికి తగదని మనలో చాలామంది లోపలే దాచుకుంటారు. నేను దానికి ఒప్పుకోను. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడండి. యెరూషలేములోని మొదటి సంఘంలోనే, రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరిగింది. వాళ్ల తరఫువారు సణిగారు. అపొస్తలులు వాళ్లను మందలించలేదు, ఉపవాస ప్రార్థన చేసుకోమని పంపేయలేదు. ఆ పని చూడడానికి ఏడుగురిని నియమించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే బాధ ఎవరిదో ఆ వైపు వాళ్ల చేతికే పని అప్పగించినట్టు నాకు కనిపిస్తుంది. అక్కడ ప్రేమకు కొరత లేదు, ఆస్తులమ్మి పంచుకున్న సంఘం అది. అయినా ఆ పని ఫలానావారిదని నిర్ణయించేదాకా కొందరు విధవరాండ్రు మరుగునపడిపోయారు.

మా వారికి మూత్రపిండాలు పాడై డయాలసిస్ మొదలైనప్పుడు నేను ఇదే చూశాను. మొదట్లో అందరూ ఆదివారం గుడి మెట్ల దగ్గర చేయి పట్టుకుని "ప్రార్థన చేస్తున్నాం అక్కా" అనేవారు. వాళ్లు నిజంగానే చేసేవారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ వారానికి రెండుసార్లు ఆయనను ఆస్పత్రికి తీసుకెళ్లి, నాలుగు గంటలు కూర్చుని, తిరిగి ఇంటికి తేవడానికి నాకు మనుషులు కావాలి. మా వీధి గృహ ప్రార్థన కూటం నడిపే పెద్దమ్మ ఒకరోజు ఇంటికి వచ్చి, "ఏం కావాలమ్మా?" అని అడగలేదు. "మంగళవారం ఎవరు వస్తారు, శుక్రవారం ఎవరు వస్తారు?" అని అడిగింది. ఆమె తెల్లకాగితం తీసి పేర్లు రాసింది. ఆటో ఉన్న తమ్ముడొకరు మంగళవారం తీసుకున్నాడు. రైల్వేలో పనిచేసి విరమణ పొందిన కాజీపేట అన్న ఒకరు శుక్రవారం వచ్చి కూర్చునేవారు. ఆస్పత్రి గుమాస్తాలతో మాట్లాడడం తెలిసిన టీచరమ్మ ఆరోగ్యశ్రీ కాగితాలు చూసుకుంది. ఆ రోజుల్లో నాకు ఆ కాగితాలు చదివే ఓపిక కూడా లేదు.

మా సంఘంలో స్త్రీల మైత్రి వాళ్లు పిడికెడు బియ్యం ఇప్పటికీ తీస్తారు. పొయ్యి మీద అన్నం పెట్టే ముందు ఒక పిడికెడు పక్కన వేసి, ఆదివారం తెచ్చి గుడిలో పోస్తారు. డోర్నకల్ ప్రాంతపు పాత సంఘాల్లో ఇది పెద్దల కాలం నుంచి ఉన్న అలవాటు. మా దగ్గర ఆ బియ్యం ఒంటరి విధవరాండ్ర ఇళ్లకు వెళుతుంది. ఇచ్చేవారిలోనూ కొందరు విధవరాండ్రే. పుచ్చుకునే ఇల్లు కూడా పిడికెడు వేస్తుంది కాబట్టి ఆ సంచి ఇంటికి వచ్చినప్పుడు ఎవరూ తలదించుకోరు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది అదే.

కొన్ని పరామర్శలు గాయం చేస్తాయి, అవి కూడా చెప్పాలి. ఏ పాపం వల్ల ఈ జబ్బు వచ్చిందో అని రోగి ముందే ఆరా తీయడం. మందులు మానితేనే విశ్వాసం ఉన్నట్టని చెప్పడం. వార్డులో పక్క మంచాల వాళ్లు నిద్రపోతుంటే గుంపుగా చేరి గొంతెత్తి ప్రార్థించడం. సాయం చేస్తూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం. ఇలాంటివి జరిగితే మర్యాదగానే ఆపేయండి. ముఖ్యంగా మందుల విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకండి, డాక్టరు రాసిన మాత్రలు నాన్నగారికి వేళకు పడాలి.

మీరు బయటి ఊరినుంచి వచ్చారు కాబట్టి ఇంకో సంగతి కూడా ఉండవచ్చు. మన సంఘాల్లో చాలాచోట్ల ఒకే వంశం, ఒకే కులం వాళ్లు ఒక వరుసలో కూర్చుంటారు. వాళ్లలో వాళ్లకు పరామర్శ లోటుండదు. పెళ్లికైనా చావుకైనా క్షణాల్లో చేరతారు. ఆ వరుసలో లేనివాళ్ల ఇంటికి వెళ్లాలని ఎవరికీ తోచదు. ఇది చిన్న లోపం కాదు. కొరింథు సంఘంలో కొందరు తిని తాగి మత్తులో ఉంటే కొందరు ఆకలితో ఉన్నారని పౌలు ఎంత కఠినంగా రాశాడో ఆ సంఘానికి రాసిన మొదటి ఉత్తరం (పత్రిక) పదకొండో అధ్యాయంలో ఉంది. 1912లో డోర్నకల్‌లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘపు మొదటి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు, దానికి రెండేళ్ల ముందు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో మిషనరీల ముఖం మీదే చెప్పారు: మీరు బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని. ఆ మాట విదేశీయులకే అనుకుంటాం. మన వరుసల మధ్య కూడా అది చదివి వినిపించాలి.

2023 జూలై వరదల్లో హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు మా సంఘ యువకులు ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో వెతుక్కోలేదు. గృహ కూటాల వల్ల కింది అంతస్తులో ఎవరుంటారో, నడవలేని ముసలివాళ్లు ఏ గదిలో ఉంటారో వాళ్లకు తెలుసు. గుడి హాలులో ఆ రాత్రి పడుకున్నవాళ్లలో చాలామంది మా సంఘస్థులు కారు, ఇరుగుపొరుగువాళ్లు. వాళ్లూ మాతోనే తిన్నారు.

అందుకే మీరు ఆదివారం ఆరాధనకు మాత్రమే వెళ్లి వస్తుంటే, మీ వీధిలో గృహ కూటం ఎక్కడ జరుగుతుందో కనుక్కుని అక్కడికి వెళ్లండి. ఐదు వందల మంది కూర్చునే గుడిలో పాస్టర్‌గారు ఒక్కరే అందరి ఇళ్లకూ రాలేరు. పది కుటుంబాల కూటంలో మీరు రెండు వారాలు కనిపించకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దలతో మాట్లాడేటప్పుడు "మమ్మల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు" అని మాత్రమే అనకండి. ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికి వారంలో ఒకరోజు మనిషి కావాలని, లేదా సాయంత్రం గంటసేపు నాన్నగారి దగ్గర కూర్చునేవాళ్లు కావాలని చెప్పండి. అలా చెబితే మంచి మనసున్నవాళ్లకు చేయి ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

చెప్పి, ఒకటి రెండు నెలలు చూశాక కూడా కదలిక లేకపోతే నిస్సంకోచంగా వేరే సంఘానికి వెళ్లండి. దేవుణ్ణి వదిలి వెళుతున్నారని ఎవరన్నా అంటే ఆ మాట మనసులో పెట్టుకోకండి. వెళ్లిన చోట మొదటి నెలలోనే గృహ కూటంలో మీ ఇంట్లో ప్రార్థన పెట్టించుకోండి, నాన్నగారి మంచం పక్కనే చాపలు వేయండి.