జీతాలు తక్కువున్న దేశంలో కార్లు తయారుచేస్తే కంపెనీకి లాభం ఎక్కువ ఉండాలి కదా?

మీ ప్రశ్న ఇది: జీతాలు తక్కువున్న చోట ప్లాంటు పెడితే కారు మీద ఎక్కువ మిగలాలి. మరి చాలా కంపెనీలు ఖరీదైన దేశాల్లోనే ఎందుకు తయారుచేస్తున్నాయి? కొన్ని కంపెనీలు కట్టుకున్న ప్లాంట్లు కూడా మూసేసి ఎందుకు వెళ్లిపోతున్నాయి?

సూటిగా చెబితే, ఈ లెక్కలో అసెంబ్లీ జీతం నాలుగో వరుసలోనో ఐదో వరుసలోనో వస్తుంది. దానికంటే ముందు చూడాల్సినవి ప్లాంటు ఎంత నిండుతోంది (అంటే సామర్థ్యంలో ఎంత మేర కార్లు కడుతోంది), సరిహద్దు దగ్గర సుంకం ఎంత, విడిభాగాలు ఎంత దూరం నుంచి వస్తున్నాయి, ఏ కరెన్సీలో ఖర్చుపెట్టి ఏ కరెన్సీలో అమ్ముతున్నారు అన్నవి.

ఒక ఊహా లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే, నిష్పత్తులు మాత్రం వాస్తవానికి దగ్గరగా ఉంటాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర 20,000 డాలర్లు పడే చిన్న ఎస్‌యూవీ అనుకోండి. అందులో 14,000 దాకా బయటినుంచి కొన్న విడిభాగాలు, ముడిసరుకే. వెల్డింగు, పెయింటు, అసెంబ్లీ అన్నీ కలిపి ప్లాంటులో కారుకి 22 గంటల మనిషి పని పడుతుందనుకుందాం. జీతం, బీమా, పెన్షను కలిపి ఒక దేశంలో గంటకు 50 డాలర్లు, ఇంకో దేశంలో 10. అంటే కారుకి మిగిలేది 880 డాలర్లు. ఇప్పుడు ఆ కారుని ఓడెక్కించాలి. రవాణా, బీమా, పోర్టు ఖర్చులకి 1,000 వేసుకోండి. యార్డులో, సముద్రం మీద, అవతలి పోర్టులో కలిపి 45 రోజులు ఆ కారు డబ్బు ఇరుక్కుపోతుంది. 8 శాతం వడ్డీ చొప్పున అదొక 200. అంటే సుంకం సంగతి రాకముందే జీతంలో మిగిలింది పోయి ఇంకో 320 చేతినుంచి పడింది. దాని మీద 10 శాతం సుంకమంటే మరో 2,000 పైచిలుకు.

అలాంటప్పుడు చౌక దేశాలకి ఎందుకు వెళతారంటే, అసలు తేడా ఆ 14,000లో దాగి ఉంటుంది. విడిభాగాలు చేసే వెండర్ల దగ్గర కూడా జీతాలు, భూమి, కరెంటు చౌకైతే, వాటిలో 8 శాతం తగ్గినా 1,120 డాలర్లు. అందుకే ప్లాంటు ఒక్కటే చౌక దేశంలో ఉండి, విడిభాగాలన్నీ దిగుమతి అవుతుంటే పెద్దగా ఒరిగేది ఏమీ ఉండదు. వెండర్లు కూడా చుట్టుపక్కల స్థిరపడ్డాకే ఆ దేశం చౌక అవుతుంది. దానికి ఏళ్లు పడుతుంది. వెండర్ కూడా ప్రెస్సులు, అచ్చులు కొనాలి కాబట్టి తగినంత వాల్యూమ్ హామీ లేకుండా కదలడు.

అన్ని భాగాలూ ఒకేలా ప్రయాణం చేయవు. ఇంజిను, గేర్‌బాక్సు బరువైనవే అయినా చిన్న చోటులో ఎక్కువ విలువ పడుతుంది కాబట్టి కంటెయినర్లో పంపినా గిట్టుబాటే. బంపరు, డ్యాష్‌బోర్డు, ఇంధన ట్యాంకు, బాడీ ప్యానెళ్లు అలా కాదు. కంటెయినరు నిండా గాలి మోసినట్టే, పైగా గీతలు, సొట్టలు. ఇవి ప్లాంటు పక్కనే తయారవ్వాలి. సీట్లయితే మరీ. పెయింటు షాపునుంచి బాడీ బయటికొచ్చి లైనెక్కే వరస ఖరారయ్యాక ఆ వరస సీటు వెండరుకి వెళుతుంది. కొద్ది గంటల్లో ఆ రంగు, ఆ వేరియంటు సీట్లు అదే వరసలో లారీలో దిగుతాయి. లారీ ఆలస్యమైతే లైను ఆపాలి, లేదా సీట్లు లేకుండానే కారుని ముందుకు నెట్టి తర్వాత యార్డులో బిగించాలి. రెండోది చూడ్డానికి తెలివైన పనిలా ఉంటుంది కానీ అలా బయట పేరుకున్న కార్లని సరిచేయడానికి లైనులో పట్టే సమయానికి ఎన్నో రెట్లు పడుతుంది.

వైరింగ్ హార్నెస్‌ది, అంటే కారంతా పాకే కరెంటు తీగల కట్టది, వేరే కథ. మెత్తని తీగలని బోర్డు మీద పరిచి టేపు చుట్టడం ఇప్పటికీ ఎక్కువగా చేతిపనే, రోబోలకి చిక్కదు. అందుకని జీతాలు తక్కువున్న మెక్సికో, మొరాకో, ట్యునీషియా, ఉక్రెయిన్ లాంటి చోట్లకి చేరింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ జర్మనీలోని కొన్ని లైన్లు ఆపుకోవాల్సి వచ్చింది. హార్నెస్ కారులోకి మొదట్లోనే వెళ్లే భాగం. దాని మీద కార్పెట్టు, డ్యాష్‌బోర్డు, సీట్లు వస్తాయి. సీట్లలా తర్వాత బిగిద్దాం అంటే కుదరదు. చౌకగా దొరికే ఒక్క భాగం రాకపోతే మొత్తం ప్లాంటు స్థిర ఖర్చు గాలికి పోతుంది.

స్థిర ఖర్చు దగ్గరే అసలు లాభనష్టాలు తేలతాయి. నిమిషానికో కారు దించే లైను, ఎనిమిది గంటల షిఫ్టులు రెండు, ఏడాదికి 250 పనిరోజులు. కాగితం మీద 2,40,000 కార్లు. పెట్టుబడి 150 కోట్ల డాలర్లనుకుంటే పదేళ్ల తరుగుదల ఏటా 15 కోట్లు. మెయింటెనెన్సు, శాశ్వత సిబ్బంది, కరెంటు కనీస ఛార్జీలకి ఇంకో 15 కోట్లు. పూర్తిగా నిండితే కారుకి 1,250 డాలర్లు. సగమే నిండితే 2,500. ఆ 1,250 తేడా పైన చూసిన 880 డాలర్ల జీతం ఆదాను మింగేసి ఇంకా అడుగుతుంది. 80 శాతం సామర్థ్యం దాటితేనే ప్లాంటు డబ్బు చేస్తుందని ఈ రంగంలో అందరూ అనే మోటు లెక్క ఇక్కడినుంచి వచ్చిందే. ప్లాంటులో సాధారణంగా అన్నిటికన్నా ఖరీదైనది పెయింటు షాపు. అందులో ఓవెన్లు, గాలి శుద్ధి, ఉష్ణోగ్రత అదుపు కార్లు తక్కువ వస్తున్నాయని తగ్గించగలిగేవి కావు.

ఆస్ట్రేలియా దీనికి మంచి ఉదాహరణ. ఏటా పది లక్షలకు పైగా కార్లు కొనే మార్కెట్టు, కానీ పదుల కొద్దీ బ్రాండ్ల మధ్య ముక్కలైంది. సుంకం 5 శాతానికి దిగింది. థాయిలాండ్‌తో 2005లో అమల్లోకొచ్చిన ఒప్పందంతో అక్కడి పికప్పులు సుంకం లేకుండా దిగాయి. దానికి తోడు ఆస్ట్రేలియా డాలరు బలపడి ఎగుమతులు గిట్టలేదు. ఫోర్డ్ 2016లో, టొయోటా, జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ల హోల్డెన్ 2017లో తయారీ ఆపేశాయి. జీతాలు ఎక్కువనే మాట నిజమే, కానీ జర్మనీలో కూడా తక్కువేం కాదు. ఆస్ట్రేలియాలో లేనిది వాల్యూమ్.

ఇక సుంకం. ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది: సుంకం షోరూం ధర మీద పడదు, దిగుమతి విలువ మీద పడుతుంది. అంటే తయారీ కంపెనీ తన సొంత అమ్మకాల కంపెనీకి వేసే ధర, అదే ట్రాన్స్‌ఫర్ ప్రైస్. షోరూంలో 40,000 పలికే కారుకి అది 32,000 ఉంటే 25 శాతం సుంకమంటే 8,000, 10,000 కాదు. ఆ ధర మరీ తగ్గించి చూపిస్తే కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు, పెంచితే సుంకం పెరుగుతుంది. దిగుమతి చేసుకున్న దేశంలో ఆదాయపు పన్ను లెక్క దీనికి సరిగ్గా ఎదురు దిశలో లాగుతుంది. కాబట్టి ఒక ప్లాంటు కంపెనీ సొంత లాభనష్టాల ఖాతా చూసి ఆ చోటు లాభదాయకమో కాదో చెప్పలేం. చాలా ప్లాంట్లు ఖర్చు మీద కొద్ది శాతం కలిపి అమ్మేలా నడుస్తాయి. మిగతా లాభం మాతృసంస్థకి కారు ధరలోనో, రాయల్టీలోనో, ఇంజిను లాంటి భాగాల ధరలోనో చేరుతుంది.

సుంకాల ప్రభావం ఎంత వింత రూపాలు తీసుకుంటుందో చూడాలంటే అమెరికాలో వ్యానులు, పికప్పుల మీద 1964 నుంచి ఉన్న 25 శాతం సుంకం చూడండి. 2025కి ముందు చాలా ఏళ్లు కార్లకి 2.5 శాతమే. ఫోర్డ్ టర్కీనుంచి ట్రాన్సిట్ కనెక్ట్ వ్యానులని వెనక సీట్లతో ప్రయాణికుల బండిగా దింపి, పోర్టు దాటాక ఆ సీట్లు పీకేసి సరుకు వ్యానుగా అమ్మింది. కోర్టులో ఓడిపోయి చివరికి 2024లో 36.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. మెర్సిడెస్ అయితే స్ప్రింటర్‌ని జర్మనీలో పూర్తిగా కట్టి, మళ్లీ విప్పి, ఓడలో పంపి సౌత్ కరోలైనాలో తిరిగి బిగించేది. కట్టినదాన్ని విప్పి మళ్లీ కట్టడం ఏ ఇంజనీరూ మెచ్చే పని కాదు, కానీ 25 శాతం ముందు ఆ కూలి చిన్నది. చివరికి అక్కడే పూర్తి ప్లాంటు పెట్టుకున్నారు.

విడదీసి కిట్లుగా పంపే సీకేడీ పద్ధతి కూడా ఎక్కువగా ఈ సుంకాల కోసం నడుస్తున్నదే. ఏటా కొద్ది వేల కార్లు అమ్ముడయ్యే మార్కెట్టుకి ఇది సరైన పద్ధతి, బాడీ పెయింటయి వస్తే పెయింటు షాపు పెట్టుబడి తప్పించుకోవచ్చు. ఎంతవరకు విప్పితే తక్కువ సుంకం అన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఇంజినుకి గేర్‌బాక్సు ముందే బిగించి ఉందా, బాడీ వెల్డయి పెయింటయి ఉందా అన్న ఒక్క గీత మీద శాతాలు మారిపోతాయి. ఇక్కడ తప్పేది ఎప్పుడూ చిన్నదే: కిట్టులో ఒక బ్రాకెట్టు తక్కువ రావడం, వేరే వేరియంటు హార్నెస్ రావడం, ప్యాకింగులో డోరు సొట్టపడటం. ఆ ఒక్కటీ విమానంలో తెప్పిస్తే కిట్టు మీద మిగిలిందంతా అందులోనే పోతుంది.

సుంకం లేకపోవడం కూడా ఊరికే రాదు. అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందం 2020 జులై 1న అమల్లోకి వచ్చినప్పుడు కారు విలువలో ఆ మూడు దేశాల వాటా 62.5 నుంచి క్రమంగా 75 శాతానికి పెరగాలన్నారు. పైగా కారు విలువలో 40 శాతం గంటకు సగటున కనీసం 16 డాలర్లు ఇచ్చే చోట్లనుంచి రావాలి. అప్పుడు మామూలు సుంకం 2.5 శాతమే కాబట్టి కొందరు ఈ లెక్కలూ కాగితాలూ మనకెందుకని సుంకమే కట్టేసేవారు. 2025 ఏప్రిల్ 3న అమెరికా కార్ల దిగుమతుల మీద 25 శాతం వేశాక ఆ దారి మూసుకుపోయింది. కొరియానుంచి అప్పటిదాకా సుంకం లేకుండా వచ్చిన షెవర్లే ట్రాక్స్ లాంటి చవక కారుకి అది ప్రాణం మీదకొచ్చే దెబ్బ అయింది. పెద్ద ఎస్‌యూవీ అయితే మార్జిన్‌లో కొంత భరిస్తుంది, 20,000 డాలర్ల కారులో భరించడానికి ఏముంటుంది?

అయితే వెంటనే మార్చేస్తే పోలేదా అంటే, ఉత్పత్తి కదలడం అంత తేలిక కాదు. జీఎం 2025 జూన్‌లో 400 కోట్ల డాలర్లతో కొన్ని మోడళ్ల తయారీ మెక్సికోనుంచి అమెరికాకి తెస్తామని ప్రకటించింది, మొదలయ్యేది 2027లో. ఆ ప్లాంట్లు కొత్తవి కూడా కాదు, ఉన్నవే. మధ్యలో జరిగేది ఇది: ముందు బాడీ ప్యానెళ్లు కొన్ని వారాలకి సరిపడా అదనంగా ఒత్తి దాచాలి. అప్పుడు డైలు, అంటే ప్యానెళ్లని ఒత్తే అచ్చులు, ఊడదీసి పంపాలి. కొత్త ప్రెస్సు బెడ్ సైజు, టన్నేజి సరిపోయినా అదే డై అదే ప్యానెల్ ఇవ్వదు, అంచు తిరగబడటంలో కొద్ది తేడా వస్తుంది, సానబట్టి సరిచేయాలి. వెల్డింగప్పుడు ప్యానెళ్లని పట్టి ఉంచే ఫిక్స్చర్లు కొత్తగా సెట్ చేయాలి. కొత్త వెండరు బంపరు రంగు, ఈ పెయింటు షాపు బాడీ రంగు పక్కపక్కన పెడితే కలవాలి. తెలుపు ఫరవాలేదు, మెటాలిక్ రంగులే విసిగిస్తాయి. ఆ తర్వాత ట్రయల్ కార్లు, తర్వాత కొన్ని నెలలు మెల్లగా వేగం పెంచడం. ఈ కాలమంతా స్థిర ఖర్చు నడుస్తూనే ఉంటుంది.

కరెన్సీ సంగతి. అమ్మే చోటే తయారుచేస్తే ఖర్చూ రాబడీ ఒకే కరెన్సీలో ఉంటాయి, రేటు మారినా కారు మార్జిన్ పెద్దగా కదలదు. జపాన్‌లో కట్టి అమెరికాలో అమ్మితే డాలరుకి ఒక్క యెన్ తేడా టొయోటా ఏడాది నిర్వహణ లాభాన్ని సుమారు 4,000 నుంచి 5,000 కోట్ల యెన్‌ల మేర అటూ ఇటూ చేస్తుంది. యెన్ బలహీనపడిన ఏళ్లలో ఆ లాభం చూసి తయారీ గొప్పదనం అనుకోకూడదు.

కానీ అమ్మే చోటే కట్టడం కూడా అన్ని రోగాలకీ మందు కాదు. బీఎండబ్ల్యూ తన పెద్ద ఎస్‌యూవీలని 1994లో మొదలైన స్పార్టన్‌బర్గ్ ప్లాంటులో, అంటే అమెరికాలో కట్టి ప్రపంచమంతా పంపుతోంది. 2018లో చైనా అమెరికా కార్ల మీద సుంకం 40 శాతానికి పెంచేసరికి జర్మన్ కంపెనీ కారు అమెరికన్ కారుగా దెబ్బ తిన్నది. తర్వాత చైనా కోసం పొడవాటి ఎక్స్5ని 2022నుంచి షెన్యాంగ్‌లో కడుతోంది. చైనాలో ఇంకో లెక్క కూడా ఉండేది: 2022 దాకా ప్రయాణికుల కార్లకి స్థానిక కంపెనీతో కలిసి పెట్టే జాయింట్ వెంచర్లలో విదేశీ వాటా 50 శాతం దాటకూడదు, విద్యుత్ కార్లకి 2018లోనే సడలించారు. సుంకం తప్పించుకున్నా లాభంలో సగం భాగస్వామిది. టెస్లా షాంఘైలో పూర్తి సొంత ప్లాంటు కట్టుకుని ఆ పంపకం తప్పించుకుంది. అక్కడినుంచి యూరప్‌కి పంపే కార్ల మీద మాత్రం 2024 అక్టోబరు నుంచి మామూలు 10 శాతం మీద ఇంకో 7.8 శాతం పడుతోంది. అదే కంపెనీకి జర్మనీ గ్రూన్‌హైడ్‌లో ప్లాంటు ఉంది కాబట్టి ఏ మోడల్ ఎక్కడినుంచి పంపాలో సర్దుకోవచ్చు.

మీరే సరిచూసుకోవాలంటే కారు పేరు, బ్రాండు దేశం వదిలేసి విన్ నంబరు, అంటే బండి మీద ఉండే గుర్తింపు (చాసిస్) నంబరు చూడండి. 17 అక్షరాల్లో మొదటిది సాధారణంగా తయారైన ప్రాంతాన్ని చెబుతుంది: జె అయితే జపాన్, కె కొరియా, ఎల్ చైనా, డబ్ల్యూ జర్మనీ, 1, 4, 5 అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో. పదకొండోది సాధారణంగా ప్లాంటు కోడు. ఒకే మోడల్ రెండు ప్లాంట్లలో తయారవుతుంటే తేడా అక్కడ తెలుస్తుంది. తర్వాత కంపెనీ వార్షిక నివేదికలో ప్రాంతాలవారీ అమ్మకాలు, ప్రాంతాలవారీ ఉత్పత్తి పక్కపక్కన పెట్టండి. అమ్మకాలు పదిలక్షలు, అక్కడి ఉత్పత్తి నాలుగులక్షలు అని కనిపిస్తే మిగతా ఆరులక్షలు సరిహద్దు దాటి వస్తున్నాయన్నమాట. సుంకం, మారకపు రేటు గురించి వార్త వచ్చినప్పుడు ఆ ఆరులక్షల మీద లెక్క కట్టండి, మొత్తం అమ్మకాల మీద కాదు.