కీళ్లవాతం మందులు వాడేవాళ్లకు జ్వరం వస్తే మందులన్నీ ఆపేయాలా?

అన్నీ కాదు: రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్, బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇన్ఫెక్షన్ తగ్గేదాకా డాక్టరు సలహాతో ఆపుతారు, స్టెరాయిడ్ మాత్రం హఠాత్తుగా మానకూడదు. స్టెరాయిడ్ వారాల తరబడి వాడితే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్ హార్మోన్) తయారుచేయడం తగ్గిస్తాయి. జ్వరంలో ఒంటికి అది ఇంకా ఎక్కువ కావాలి. అప్పుడే ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

తిరుపతిలో ఒకావిడ వారానికి 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, రోజూ 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నారనుకోండి. మూత్రంలో మంట, వణుకుతో జ్వరం వస్తే ప్రెడ్నిసలోన్ మానకుండా రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లి, మందుల చీటీ చూపించాలి. మందుల షాపులో కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోవడం అసలు వద్దు (మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి).

జ్వరం తక్కువుంటే ఇన్ఫెక్షన్ కూడా చిన్నదేనని చాలామంది అనుకుంటారు. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది; 99 డిగ్రీలే ఉన్నా ఆయాసం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.