నవ్వితే మోకాళ్లు జారిపోతున్నాయి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా పిల్లోడికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిగా ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా క్లాసులో, బస్సులో, అన్నం కలుపుకుంటూ కూడా తూగుతాడు. సోమరిపోతని హాస్టల్లో నిలబెడుతున్నారు. వాళ్ల నాన్న కొట్టారు కూడా. ఈ మధ్య వాళ్ల మామ జోకు చెబితే పకపకా నవ్వి, ఉన్నట్టుండి మోకాళ్లు మడిచి కూలబడ్డాడు. తెలివి మాత్రం ఉంది. రాత్రుళ్లు గుండెల మీద ఎవరో కూర్చున్నారంటాడు. ఏఎస్ పేట దర్గాలో తాయెత్తు కట్టించాం. ఏం చేయాలి?
– ఒక తల్లి, పొదలకూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ నవ్వు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాను. పగటి నిద్రకు వంద కారణాలుంటాయి. తెలివి ఉండగానే, నవ్వితే కూలబడటానికి కారణాలు బహుతక్కువ. మీ వాడిది నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర తెచ్చే మెదడు జబ్బు అని నా అనుమానం. ఆ కూలబడటాన్ని కాటాప్లెక్సీ అంటారు.

ఇరవై ఏళ్ల కిందట నిమ్మకాయల మూటలు మోసే కుర్రాడొకడు నా దగ్గరికొచ్చాడు. నవ్వినా, కబడ్డీలో గెలిచినా పడిపోయేవాడు. నేను ఫిట్స్ అనుకుని ఏడాదిపాటు ఫిట్స్ మాత్రలు మింగించాను. ఒకరోజు మా కాంపౌండరు ఏదో అంటే నా ఎదురుగానే నవ్వాడు. ముందు దవడ వణికింది, రెప్పలు వాలాయి, తల ఒరిగింది, దండెం మీంచి తడిబట్ట జారినట్టు స్టూలు మీంచి జారిపోయాడు. మోకాలి మీద సుత్తితో తడితే కాలు కదల్లేదు. నిమిషం తిరక్కుండా లేచి, అంతసేపూ నేను నర్సుతో అన్న మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆ ఏడాది మాత్రలు నా తప్పు. అందుకే మీకింత వివరంగా రాస్తున్నాను.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట, మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలుంటాయి. కోటానుకోట్ల మెదడు కణాల్లో ఇవి దాదాపు 70,000 మాత్రమే. మన కాలవల మీద షట్టర్లు చూసుకునే లస్కరు లాంటివి. లస్కరుంటే షట్టరు ఎత్తితే ఎత్తినట్టే, దించితే దించినట్టే ఉంటుంది. వాడు లేకపోతే దాని ఇష్టం వచ్చినట్టు పడుతుంది, లేస్తుంది. ఈ జబ్బులో ఆ కణాలు చాలావరకు చచ్చిపోతాయి. సొంత రోగనిరోధక శక్తే పొరపాటున వాటిని చంపుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. వాళ్ల నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

మామూలుగా నిద్రపట్టిన గంటన్నరకి కలల నిద్ర వస్తుంది. కలలో పరిగెత్తేవాడు మంచం దిగి పరిగెత్తకుండా మెదడే అప్పుడు ఒళ్లంతా సడలగొడుతుంది. మీ వాడికి ఆ సడలింపు మెలకువలోకి, నవ్వు మధ్యలోకి చొరబడుతోంది. కళ్లు తెరిచాక కూడా ఒళ్లు కదలక, కల ఇంకా నడుస్తుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది. తాయెత్తు విప్పమని నేననను. వాడికి ధైర్యమిస్తే ఉండనివ్వండి.

ఈ జబ్బుకు ఫ్రాన్సు వైద్యుడు జెలినో పేరు పెట్టింది 1880లో. ఒరెక్సిన్ బయటపడింది మాత్రం 1998లో. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, ఇష్టమైన తిండి చూపిస్తే సంబరంతో కూలబడే డాబర్మన్ కుక్కలుండేవి. ఒరెక్సిన్‌ను అందుకునే భాగాన్ని తయారుచేసే జన్యువు వాటిలో చెడిందని 1999లో తేలింది. మనుషుల్లో ఆ కణాలే పోతున్నాయని మరుసటి ఏడు తెలిసింది.

నెల్లూరులో న్యూరాలజిస్టుకు చూపించి, స్లీప్ ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి చీటీ రాయించుకోండి. రాత్రంతా తలకు వైర్లు పెట్టి నిద్రను చూస్తారు. మర్నాడు రెండేసి గంటలకోసారి నాలుగైదు సార్లు పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, రెండుసార్లయినా 15 నిమిషాల్లోపు కలల నిద్ర వస్తే అనుమానం బలపడినట్టే. పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు లేదు. మొడాఫినిల్ లాంటి మందులతో మెలకువ నిలబడుతుంది, కూలబడటానికి వేరే మాత్రలున్నాయి. మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు కూడా మందే, హాస్టల్లో దానికి అనుమతి అడగండి. జబ్బు అదుపులోకి వచ్చేదాకా మోటారు సైకిలు వద్దు, బావిలో ఈత వద్దు.

ఈలోపు వాళ్ల మామను మళ్లీ పిలిపించండి. పిల్లాణ్ణి పరుపు మీద కూర్చోబెట్టి, జోకు చెప్పించి, ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. నేను ఏడాదిలో కనుక్కోలేనిది ఆయనకు అరనిమిషంలో తెలుస్తుంది.