ఆస్ట్రేలియాలో సపోర్ట్ వర్కర్ కోర్సు: డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఏజ్డ్ కేర్‌లో (పెద్దవాళ్ళని చూసుకునే పని), డిసబిలిటీలో (వైకల్యం ఉన్నవాళ్ళకి సాయం చేసే పని) పనులు బాగా ఉన్నాయంట కదా అక్కా, దానికి సర్టిఫికెట్ త్రీ ఏదో చెయ్యాలంట, ఒకాయన ఫోన్ చేసి క్లాసులక్కర్లేదు రెండు వారాల్లో చేతికిచ్చేస్తా అంటున్నాడు, కట్టేయమంటారా అని. కట్టొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

అసలు కోర్సు తప్పనిసరా అంటే, చట్టం ప్రకారం చాలా సపోర్ట్ ఉద్యోగాలకి ఫలానా క్వాలిఫికేషన్ ఉండి తీరాలని లేదు, కానీ అనుభవం లేకుండా, ఇక్కడ తెలిసినవాళ్ళు లేకుండా అప్లై చేస్తే రెజ్యూమె పక్కన పడేస్తారు, అందుకని దాదాపు అందరూ చేసేది సర్టిఫికెట్ త్రీ ఇన్ ఇండివిడ్యువల్ సపోర్ట్. దాని కోడ్ సీహెచ్‌సీ33021, ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇంకా పాత కోడ్‌తో ప్రకటనలు తిరుగుతూనే ఉంటాయి. మొత్తం 15 యూనిట్లు, అందులో 9 అందరికీ కామన్, 6 మీరు ఎంచుకునేవి. ఆ ఎంచుకునేవాటిని బట్టి ఏజింగ్ అనో డిసబిలిటీ అనో సర్టిఫికెట్ మీద పడుతుంది, కొన్ని చోట్ల కాస్త ఎక్కువ యూనిట్లు చేయించి రెండూ కలిపి ఇస్తారు, అలా దొరికితే అదే చెయ్యండి. వీటన్నిటికంటే ముఖ్యం, కనీసం 120 గంటల ప్లేస్‌మెంట్, అంటే కోర్సులో భాగమైన ప్రాక్టికల్ పని, నిజమైన చోట నిజమైన మనుషులతో చెయ్యాలి. రెండు వారాల్లో సర్టిఫికెట్ ఇస్తానన్నవాడు ఈ 120 గంటలు ఎక్కడ పెడతాడో మీరే లెక్కేసుకోండి.

దొంగ సర్టిఫికెట్ అయితే ఏమవుతుంది, ఎవరు చూస్తారు అనే ధైర్యం మనవాళ్ళలో కొంతమందికి ఉంటుంది. ఇక్కడ ట్రైనింగ్ సంస్థల్ని చూసే ప్రభుత్వ విభాగం ఆస్క్వా. 2024 చివర్లో కొన్ని మూతపడ్డ సంస్థలు ఇచ్చిన సర్టిఫికెట్లని ఆ విభాగం రద్దు చెయ్యడం మొదలుపెట్టింది, వేలమందివి పోయాయి, అందులో ఇండివిడ్యువల్ సపోర్ట్ చేసినవాళ్ళూ ఉన్నారు. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి ఉత్తరాలు వెళ్ళాయి, మీరు నిజంగా చదివారని రుజువులు చూపించండి లేదా సర్టిఫికెట్ వెనక్కిచ్చెయ్యండి అని. కాబట్టి డబ్బు కట్టే ముందు ట్రైనింగ్ డాట్ గవ్ డాట్ ఏయూ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు కొట్టి, రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందా, ఈ కోడ్ చెప్పే అనుమతి ఉందా చూడండి, ఐదు నిమిషాల పని.

అక్కడితో ఆగకుండా వాళ్ళకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి. ప్లేస్‌మెంట్ మీరు చూపిస్తారా, నేనే వెతుక్కోవాలా? నువ్వే వెతుక్కో అంటే ఆలోచించండి, ఎందుకంటే కొత్తగా వచ్చిన మనిషి నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేసి ప్లేస్‌మెంట్ ఇవ్వండి అంటే ఇవ్వరు, ఆ సంస్థతో ఒప్పందం ఉండాలి, ఇన్సూరెన్స్ కాగితాలు ఉండాలి. కోర్సు అంతా అయిపోయి ప్లేస్‌మెంట్ దొరక్క ఆరు నెలలు అలా కూర్చున్నవాళ్ళని చూశాను. క్లాస్‌రూమ్‌లో ఆస్పత్రి మంచం, హోయిస్ట్ (లేవలేని మనిషిని ఎత్తే యంత్రం) ఉన్నాయా అని కూడా అడగండి. ఉంటే ఒకసారి వచ్చి చూస్తానని చెప్పండి, చూపించడానికి వెనకాడితే మీకు జవాబు వచ్చేసినట్టే.

ఫీజు విషయానికొస్తే, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) ఉన్నవాళ్ళు, సిటిజన్లు ముందు టేఫ్‌లో, అంటే ప్రభుత్వ వృత్తి విద్యా కాలేజీల్లో, అడగండి. 2023 నుంచి ఫీ ఫ్రీ టేఫ్ అని ఉంది, కేర్ కోర్సులు అందులో వస్తాయి, అది కాకపోతే న్యూ సౌత్ వేల్స్‌లో స్మార్ట్ అండ్ స్కిల్డ్, విక్టోరియాలో స్కిల్స్ ఫస్ట్ లాంటి రాష్ట్ర సబ్సిడీలు ఉన్నాయి. పీఆర్ వచ్చి కూడా ఇది తెలియక ప్రైవేట్ వాళ్ళకి వేలు కట్టినవాళ్ళు బోలెడుమంది. స్టూడెంట్ వీసా వాళ్ళకి మామూలుగా ఇది దొరకదు.

స్టూడెంట్ వీసా అనగానే ఇంకో మాట, ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. మాస్టర్స్ కష్టంగా ఉంది, ఫీజులు ఎక్కువ, అది వదిలేసి సర్టిఫికెట్ త్రీకి మారిపోతాను అని చాలామంది అనుకుంటారు. వీసాలో 8202 అనే కండిషన్ ఉంటుంది, మీకు వీసా ఇచ్చిన కోర్సు ఏ స్థాయో అదే స్థాయి లేదా పైస్థాయి కోర్సులో ఉండాలి, మాస్టర్స్ నుంచి కిందకి దిగితే వీసాకే ముప్పు. మారాలంటే ముందు కొత్త వీసా సంగతి చూసుకోవాలి. అలాగే ఏజ్డ్ కేర్‌లో పనిచేస్తే గంటల లిమిట్ లేదు అని ఎవరైనా చెప్తే అది పాత కథ, ఆ మినహాయింపు 2023 డిసెంబర్ 31తో అయిపోయింది, ఇప్పుడు చదువు నడుస్తున్నప్పుడు రెండు వారాలకి 48 గంటలే. మాస్టర్స్ చదివేవాళ్ళ భార్యకో భర్తకో ఆ లిమిట్ లేదు, నిజానికి చాలా ఇళ్ళల్లో ఈ కోర్సు చేసేది వాళ్ళే.

ఇక ట్రైనింగ్‌లో ఏముంటుంది? పెద్దవాళ్ళకి స్నానం చేయించడం, తినిపించడం మనకి రాదా, మా నానమ్మకి చేశానుగా అనుకుంటారు. ఆ చేసిన అలవాటే ఇక్కడ మొదట్లో అడ్డం వస్తుంది. మనింట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అన్నీ మనమే చేసిపెడితే అది ప్రేమ. ఇక్కడ స్ట్రోక్ వచ్చిన మనిషి చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు తంటాలు పడుతుంటే మీరు పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలి, అడిగితేనే సాయం, అదీ ఆయనకి రాని ఒక్క గుండీకి. గబగబా మీరే పెట్టేస్తే ట్యూటర్ ఊరుకోదు. అలా చేస్తూ పోతే ఉన్న కదలిక కూడా ఆ చేతికి పోతుంది. ముట్టుకునే ముందు చెప్పాలి, అడగాలి, వద్దంటే ఆగాలి, డెమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నా సరే అడగాలి.

కొన్ని మాత్రం నిజంగా ప్రాణం మీదకొచ్చేవి, అక్కడ మంచి మనసు ఉంటే చాలదు. మింగడం కష్టమైనవాళ్ళకి స్పీచ్ పాథాలజిస్ట్ ఒక లెవెల్ రాసి పెడతారు, ఐడీడీఎస్ఐ అని, 0 నుంచి 7 వరకూ, నీళ్ళు టీ లాంటివి ఎంత చిక్కగా ఉండాలి, అన్నం కూర ఎంత మెత్తగా ఉండాలి అని. 2 అని, అంటే కాస్త చిక్కగా చేసిన నీళ్ళే ఇవ్వాలని, రాసిన పెద్దాయన బతిమాలి మంచినీళ్ళు అడిగాడని జాలిపడి గ్లాసుడు పల్చటి నీళ్ళు ఇచ్చారనుకోండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఫ్రిజ్ తాళం ఇంకో ఉదాహరణ. అస్తమానం తింటున్నాడు, షుగర్ ఉంది, పాపం అతని మంచికేగా అని మీరు ఫ్రిజ్‌కి తాళం వేస్తే ఇక్కడ అది రిస్ట్రిక్టివ్ ప్రాక్టీస్ (మనిషి స్వేచ్ఛని కట్టడి చెయ్యడం) కిందకి వస్తుంది, మనిషిని గదిలో పెట్టి గడియపెట్టడం ఏ చట్టం కింద చూస్తారో ఇదీ ఆ చట్టం కిందే చూస్తారు, దానికి ప్లాన్ ఉండాలి, అనుమతి ఉండాలి. మీ అంతట మీరు చెయ్యకూడదు.

హోయిస్ట్ సంగతి కూడా అంతే. కేర్ ప్లాన్‌లో టూ అసిస్ట్ అని ఉంటే ఇద్దరు ఉండాల్సిందే, పక్కన మనిషి లేట్ అయింది, ఆవిడ బాత్రూమ్ కోసం అరుస్తోంది అని ఒక్కరే ఎత్తేస్తే స్లింగ్ (మనిషిని కూర్చోబెట్టి హోయిస్ట్‌కి తగిలించే గుడ్డ) జారి ఆవిడ పడొచ్చు, లేదా మీ నడుము పోవచ్చు. స్లింగ్ సైజు, లూపుల రంగులు, బ్రేక్, బ్యాటరీ, వీటిని చూసుకునే అలవాటు క్లాసులోనే చేతికి రావాలి. మీ వంతు వచ్చినప్పుడు ట్యూటర్‌ని అడిగి మీరే స్లింగ్‌లో కూర్చోండి. గాల్లోకి లేచినప్పుడు కడుపులో ఎలా ఉంటుందో తెలిస్తే తర్వాత ఎవరినీ చెప్పకుండా పైకెత్తరు.

అందరూ తేలిగ్గా తీసుకునేది, తర్వాత ఏడిచేది రాత పని. ప్రతి షిఫ్ట్‌కి ప్రోగ్రెస్ నోట్స్ రాయాలి. మనవాళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివాం కదా అనుకుంటారు, కానీ ఇక్కడ కావాల్సింది పెద్ద ఇంగ్లీష్ కాదు. "ఇవాళ ఆవిడ చాలా చిరాగ్గా, మొండిగా ఉంది" అని రాస్తే అది మీ అభిప్రాయం. "ఉదయం 8:15కి టిఫిన్ వద్దంది, ప్లేటు పక్కకి తోసింది, ఎడమ దవడ పట్టుకుంది, పంటి నొప్పా అని అడిగితే తలూపింది, 8:20కి నర్సుకి చెప్పాను" అని రాస్తే దాని వల్ల డెంటిస్ట్ వస్తాడు. ఆ కాగితం రేపు కోర్టు దాకా వెళ్ళినా నిలబడుతుంది. ఎవరైనా పడ్డా, ఒంటి మీద కమిలిన మచ్చ కనపడినా, ఎవరైనా తిట్టినా కొట్టినా వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి రాసెయ్యండి. 2021 ఏప్రిల్ నుంచి ఏజ్డ్ కేర్‌లో సీరియస్ ఇన్సిడెంట్ రెస్పాన్స్ స్కీమ్ నడుస్తోంది, తీవ్రమైనవి సంస్థ 24 గంటల్లో పైకి రిపోర్ట్ చెయ్యాలి, మీరు సాయంత్రం చూద్దాంలే అని ఆగితే ఆ గడియారం మీ మీదకి తిరుగుతుంది. తోటి వర్కర్ మన తెలుగమ్మాయే, ఆమె మీద ఎలా చెప్తాం అని మొహమాటపడేవాళ్ళు ఉంటారు. చెప్పాలి.

కోర్సు నడుస్తుండగానే చేసుకోవాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి, చివర్లో మొదలుపెడితే ఇవే లేట్ చేస్తాయి. డిసబిలిటీకి ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ పథకం) వర్కర్ స్క్రీనింగ్ చెక్, రాష్ట్రం ద్వారా అప్లై చెయ్యాలి, వస్తే 5 ఏళ్ళు దేశమంతా చెల్లుతుంది. దాంతోపాటు ఎన్‌డీఐఎస్ కమిషన్ వాళ్ళ వర్కర్ ఓరియెంటేషన్ మాడ్యూల్ ఆన్‌లైన్‌లో ఉంది, గంటన్నర పని, పూర్తిగా ఫ్రీ, దానికి కూడా డబ్బులడిగేవాళ్ళు ఉన్నారు, నవ్వి ఊరుకోండి. ఏజ్డ్ కేర్‌కి పోలీస్ చెక్, దాంతోపాటు 16 ఏళ్ళు దాటాక వేరే దేశం పౌరసత్వం ఉన్నవాళ్ళం కాబట్టి మనం స్టాట్యుటరీ డిక్లరేషన్ (చట్టబద్ధమైన ప్రమాణ పత్రం) కూడా ఇవ్వాలి. పిల్లలతో అయితే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్. ఫస్ట్ ఎయిడ్ ఒక్క రోజులో అయిపోతుంది, అందులో సీపీఆర్ భాగం ఏడాదికోసారి మళ్ళీ చెయ్యమంటారు. ఫ్లూ వ్యాక్సిన్, కారు లైసెన్స్. ఇళ్ళకి వెళ్ళే పనికి కారు లేకపోతే సగం షిఫ్టులు మీవి కావు. ఖాళీ టైముంటే టాస్మేనియా యూనివర్సిటీ విక్కింగ్ సెంటర్ వాళ్ళ అండర్‌స్టాండింగ్ డెమెన్షియా ఆన్‌లైన్ కోర్సు చెయ్యండి, ఫ్రీయే, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి దీనికంటే మంచిది నాకు కనపడలేదు.

పని దొరికినప్పుడు ఏబీఎన్ (సొంత వ్యాపారానికిచ్చే నంబర్) తీసుకో, ఇన్వాయిస్ పెట్టు, గంటకి ఎక్కువిస్తా అనే ఏజెన్సీలు తగులుతాయి. మీ రోస్టర్ (షిఫ్టుల పట్టిక) వాళ్ళే వేసి, క్లయింట్ వాళ్ళే ఇచ్చి, రేటు వాళ్ళే చెప్తుంటే మీరు కాంట్రాక్టర్ ఎలా అవుతారు? ఆ దారిలో మామూలుగా సూపర్ (రిటైర్మెంట్ కోసం యజమాని కట్టే డబ్బు) ఉండదు, సెలవులుండవు, నడుము పట్టేస్తే వర్కర్స్ కాంపెన్సేషన్ కూడా కష్టమే. సరైన ఉద్యోగమైతే డిసబిలిటీ, హోమ్ కేర్ పనులకి స్కాడ్స్ అవార్డు (కనీస జీతాల చట్టబద్ధ నిబంధనలు) వర్తిస్తుంది, క్యాజువల్ (పర్మనెంట్ కాని ఉద్యోగం) అయితే 25 శాతం లోడింగ్, అంటే అదనపు జీతం, ఒకసారి పిలిస్తే కనీసం 2 గంటల జీతం, సూపర్ 12 శాతం. మీ రేటు ఎంతో ఫెయిర్ వర్క్ వెబ్‌సైట్‌లో చూసుకుని ఆఫర్ లెటర్‌తో పోల్చండి. మూడు రోజులు ఊరికే ట్రయల్ షిఫ్ట్ చెయ్యమంటే అది చట్టవిరుద్ధం, కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ వేరు, ట్రయల్ వేరు.

పీఆర్ వస్తుందా అనే ప్రశ్న ఎలాగూ అడుగుతారు. కోర్సు చేసినంత మాత్రాన రాదు. 2023లో ఏజ్డ్ కేర్ ఇండస్ట్రీ లేబర్ అగ్రిమెంట్ అని పెట్టారు, యూనియన్‌తో ఒప్పందం చేసుకున్న ఏజ్డ్ కేర్ సంస్థ స్పాన్సర్ చేస్తే, రెండేళ్ళు పనిచేశాక పీఆర్‌కి దారి ఉంది. అంటే దారి సంస్థ ద్వారా, ట్రైనింగ్ కాలేజీ ద్వారా కాదు. కాలేజీవాడు పీఆర్ గ్యారంటీ అన్నాడంటే మార్న్ నంబర్ (ఏజెంట్ల రిజిస్ట్రేషన్ నంబర్) ఉన్న మైగ్రేషన్ ఏజెంట్‌తో ఒక గంట మాట్లాడాకే డబ్బు తియ్యండి.

బీటెక్ చదివి డైపర్లు మార్చడమా అని ఇంటి దగ్గర అంటారు, అననివ్వండి, వాళ్ళకి ఇక్కడి అద్దె తెలీదు. ఆ మాటకొస్తే ఇక్కడ మొదలుపెట్టి డిప్లొమా చేసి ఎన్‌రోల్డ్ నర్సులైనవాళ్ళు, కమ్యూనిటీ సర్వీసెస్ డిప్లొమా చేసి కేస్ వర్క్‌లోకి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఇదే పని నచ్చి ఏళ్ళ తరబడి ఇందులోనే ఉన్నవాళ్ళూ ఉన్నారు.

ప్లేస్‌మెంట్‌లో ఉన్నప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టేసి, హ్యాండోవర్‌కి (షిఫ్ట్ మారేటప్పుడు పాతవాళ్ళు కొత్తవాళ్ళకి సంగతులు చెప్పడం) పది నిమిషాలు ముందు వెళ్ళండి, వాళ్ళు గబగబా అనే బీఎన్ఓ (విరేచనం కాలేదు), పీఆర్ఎన్ (అవసరమైతేనే ఇచ్చే మందు) లాంటివి జేబులో చిన్న పుస్తకంలో రాసుకుని తర్వాత అడగండి, క్లయింట్ల పేర్లు మాత్రం అందులో రాయొద్దు. చివరి వారం రోస్టర్ వేసే మనిషి దగ్గరకి మీరే వెళ్ళి, నేను వీకెండ్లు, రాత్రి షిఫ్టులు చేస్తాను, క్యాజువల్ పూల్‌లో పేరు రాయండి అని అడగండి. నాకు తెలిసినంతలో మనవాళ్ళకి మొదటి ఉద్యోగం ఆన్‌లైన్ అప్లికేషన్ల కంటే ఎక్కువగా ఈ అడగడంతోనే వచ్చింది.