కొత్త బ్యాటరీ వేసినా కారు ఆగిపోతోందా? ఆల్టర్నేటర్ చూపించండి

ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చి, దీపావళి నాటికి ఏ సీనియర్ దగ్గరో పాత క్యామ్రీనో సివిక్కో కొనుక్కున్న పిల్లలు చలి మొదలవగానే అడిగే ప్రశ్న ఇది: "అన్నా, బ్యాటరీ మార్చి నెల కూడా కాలేదు. మళ్ళీ స్టార్ట్ అవట్లేదు. ఇంకో బ్యాటరీ కొనాలా?"

వద్దు. ముందు ఆల్టర్నేటర్ సంగతి తేల్చుకోండి. మన దగ్గర చాలామంది డైనమో అనేది దీన్నే. బ్యాటరీ పని సెల్ఫ్ తిప్పి ఇంజన్‌ని లేపడం వరకే. ఇంజన్ లేచాక బెల్టు ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, పెట్రోల్ పంపు, ఇంజన్ కంప్యూటర్ అన్నిటికీ కరెంటు అక్కడినుంచే వస్తుంది. బ్యాటరీలో ఖర్చయిన ఛార్జింగ్ కూడా అదే నింపుతుంది. అది చేతులెత్తేస్తే, జీతం ఆగిన ఇల్లు సేవింగ్స్ మీద నడిచినట్టు కారు బ్యాటరీ మీద నడుస్తుంది. కొత్త బ్యాటరీ అయితే ఇంకాస్త దూరం వెళ్ళి ఆగుతుంది.

లక్షణాలు చాలావరకు ముందే కనిపిస్తాయి, మనమే పట్టించుకోం. డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో ఎర్ర లైటు వెలిగితే అది బ్యాటరీ పోయిందని చెప్పడం లేదు, ఛార్జింగ్ జరగడం లేదని చెబుతోంది. అన్ని కార్లలోనూ అది వెంటనే వెలగదు కూడా. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హెడ్‌లైట్లు మసకబారి, యాక్సిలరేటర్ తొక్కగానే తేరుకుంటున్నాయేమో చూడండి. రాత్రిపూట పార్కింగ్‌లో గోడకు ఎదురుగా కారు పెట్టి చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. విండోలు నీరసంగా ఎక్కడం, సంబంధం లేని ఏబీఎస్, స్టీరింగ్ లైట్లు ఒక్కసారిగా వెలగడం, బానెట్ కింద గురగురమని బేరింగ్ శబ్దం, రబ్బరు కాలిన వాసన, ఇవన్నీ అటువైపే వేలు చూపిస్తాయి.

జంపర్ కేబుళ్ళతో, అంటే వేరే కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే తీగలతో స్టార్ట్ చేసి, కేబుళ్ళు తీశాక ఇంజన్ కాసేపటికే ఆగిపోతే ఆల్టర్నేటర్‌ని గట్టిగా అనుమానించండి. తీశాక బాగానే నడిచి, మర్నాడు పొద్దున మళ్ళీ మొరాయిస్తే బ్యాటరీదో, రాత్రంతా కరెంటు తాగే ఇంకోదానిదో తప్పు. డాష్‌క్యామ్‌ని నేరుగా బ్యాటరీకి కలిపించుకున్నవాళ్ళు ముందు దాన్ని పీకి చూడండి. ఆల్టర్నేటర్ లోపల కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ లీకైనా ఇలాగే రాత్రికి రాత్రి బ్యాటరీ డౌన్ అవుతుంది.

ఒక్క పని మాత్రం చెయ్యకండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఆగిపోతుందా లేదా అని చూడమని ఎవరో ఒక పెద్దాయన సలహా ఇస్తారు. కంప్యూటర్లు లేని పాత కార్ల నాటి పద్ధతి అది. ఇప్పటి కార్లలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఇంజన్ కంప్యూటర్‌నే కాల్చెయ్యొచ్చు. ఆ ఖర్చు ముందు ఆల్టర్నేటర్ ఖర్చు దిగదుడుపే.

దానికి బదులు ఓ చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి. ఇరవై డాలర్ల లోపే దొరుకుతుంది, నలుగురు రూమ్మేట్లకి ఒకటి చాలు. డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి ఆనించండి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న కారులో పూర్తి ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 చుట్టుపక్కల చూపిస్తుంది, 12.2 అంటే సగం ఖాళీ. ఇప్పుడు ఇంజన్ ఆన్ చేస్తే అంకె 13.5 నుంచి 14.7 మధ్యకు ఎగబాకాలి. మొన్న ఒక కుర్రాడి కారుకి పెట్టి చూశాం. ఇంజన్ ఆన్ చేశాక 12.3 ఉంది. హెడ్‌లైట్లు వేస్తే 12 అయింది, బ్లోయర్ కూడా పెడితే 11.8. మా కళ్ళ ముందే దిగుతోంది. ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. 15 దాటి పోతున్నా జబ్బే. అంటే వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది.

హోండా వాళ్ళకి ఓ మాట. చాలా హోండాల్లో లోడు లేనప్పుడు పెట్రోల్ ఆదా కోసం కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తుంది, మీటరు పన్నెండున్నర దగ్గర కనిపించినా కంగారు పడకండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్ చేసి మళ్ళీ చూడండి. అప్పుడూ పైకి లేవకపోతేనే అనుమానించాలి.

మీటరు టెన్షన్ వద్దనుకుంటే ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపులకి వెళ్ళండి. చాలా బ్రాంచీల్లో బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ ఉచితంగానే టెస్ట్ చేస్తారు. కానీ వాళ్ళు సరుకు అమ్ముకునేవాళ్ళని మరిచిపోకండి. డబ్బులు తీసే ముందు బానెట్ ఎత్తి మూడు చూడండి: బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి, వదులైన లేదా పగుళ్ళు పడిన బెల్టు, కాలిన పెద్ద ఫ్యూజు. వంటసోడా కలిపిన నీళ్ళతో పాత టూత్‌బ్రష్ పెట్టి టెర్మినల్ తోమితే బాగుపడ్డ కార్లు నేను చూశాను.

రోడ్డు మీద ఉండగా ఎర్ర లైటు వెలిగితే మొదట చూడాల్సింది టెంపరేచర్ ముల్లు. చాలా కార్లలో ఆ బెల్టే నీళ్ళ పంపునీ తిప్పుతుంది. అది తెగితే ఛార్జింగ్‌తో పాటు ఇంజన్ చల్లబడటమూ ఆగిపోతుంది. ముల్లు ఎక్కుతుంటే మరో ఎగ్జిట్ దాకా అనుకోకుండా పక్కకు తీసి ఆపెయ్యండి. లేదంటే ఇంజన్ హెడ్ పోతుంది, మీ పాత కారు విలువ కన్నా రిపేరు ఎక్కువవుతుంది. ముల్లు మామూలుగానే ఉంటే ఏసీ, వెనక అద్దం హీటర్, సీటు హీటర్, ఫోన్ ఛార్జర్ అన్నీ ఆపి, దగ్గర్లో దీపాలున్న సురక్షితమైన చోటుకి చేరండి. ఇంజన్ మాత్రం ఆపకండి, మళ్ళీ లేవదు. రాత్రయితే హెడ్‌లైట్లు ఆపడం కుదరదు కాబట్టి పది మైళ్ళు వెళ్ళొచ్చులే అని లెక్కలు వెయ్యకండి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ కార్లయితే చక్రం ఉన్నట్టుండి బరువెక్కుతుంది, రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి.

ఈ మాట కారు ఆగకముందే చెప్పాలి: ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి. చౌకగా వస్తుందని లయబిలిటీ (ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే కట్టే ఇన్సూరెన్సు) ఒక్కటే తీసుకున్నవాళ్ళకి చాలామందికి అది ఉండదు, రోడ్డు మీద ఆగిన కార్లకి సాయం చేసే ఏఏఏ క్లబ్బు మెంబర్‌షిప్ అయినా తీసుకోండి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు తిప్పి చూస్తే వెనక రోడ్డు సాయం నంబరు ఉంటుంది. జార్జియాలో అయితే 511. లేన్ మధ్యలో ఆగిపోయి ప్రమాదంలో ఉంటే మొహమాటపడకుండా 911 కొట్టండి, అందుకే ఉంది అది.

ఇక రిపేరు. ఇక్కడ ఆల్టర్నేటర్ విప్పి లోపలి బ్రష్షులు మార్చే మెకానిక్ దొరకడం అరుదు, మొత్తం మార్చేస్తారు. ఊరినీ కారునీ బట్టి మారుతుంది గానీ, మామూలు నాలుగు సిలిండర్ల కారుకి బయటి మెకానిక్ దగ్గర పార్టూ కూలీ కలిపి ఐదారు వందల డాలర్లు అనుకోండి. డీలర్ దగ్గర ఇంకా ఎక్కువ. ఓ షాపులో నా ఫ్రెండుకి టెస్ట్ చెయ్యకుండానే ఆల్టర్నేటర్, బ్యాటరీ, సెల్ఫ్ మోటర్ మూడూ మార్చాలన్నారు. వేరేచోట చూపిస్తే పోయింది బెల్టుని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ ఒక్కటే. అందుకే అంకెలు చూపించమనండి, ఎస్టిమేట్ రాయించుకోండి, పాత పార్టు చూపించమనండి. కాలిఫోర్నియాలో అయితే మీ అనుమతి లేకుండా పని మొదలుపెట్టకూడదని చట్టమే ఉంది. తేడా వస్తే బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

స్పానర్ పట్టడం అలవాటున్నవాళ్ళు నాలుగు సిలిండర్ల కారుకి సొంతంగానే మార్చుకోవచ్చు. వీ6 మినీవాన్ల జోలికి వెళ్ళకండి, చెయ్యే దూరదు. మొట్టమొదట బ్యాటరీ మైనస్ తీగ ఊడదియ్యాలి. ఆల్టర్నేటర్ వెనక ఉండే లావు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, మైనస్ తియ్యకుండా దానికి స్పానర్ తగిలిందంటే నిప్పులు రాలతాయి. బెల్టు ఏ కప్పీ మీంచి ఎటు తిరిగిందో విప్పక ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బెల్టు పాతదైతే ఇప్పుడే మార్చెయ్యండి, ఎలాగూ విప్పారు. అన్నట్టు, చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో కారు రిపేరు చెయ్యకూడదని రాసి ఉంటుంది. సగం విప్పిన కారుని లీజింగ్ ఆఫీసు వాళ్ళు టో చేయించొచ్చు, చదువుకుని దిగండి.

పార్టు కొనేటప్పుడు బేరం మరీ బాగుందని ఊరూపేరూ లేనిది ఆన్‌లైన్లో తెప్పించుకోకండి. డెన్సో లాంటి కంపెనీ రీమాన్యుఫ్యాక్చర్ చేసినవి, అంటే పాతవాటిని విప్పి బాగుచేసినవి, బాగానే నడుస్తాయి. షాపులో బిల్లు మీద కోర్ ఛార్జ్ అని అదనంగా కనబడుతుంది. పాత ఆల్టర్నేటర్ తిరిగిచ్చేస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు, అది తెలియక డస్ట్‌బిన్‌లో పడేసినవాళ్ళు ఉన్నారు.

బిగించాక, డౌన్ అయిన బ్యాటరీతోనే రోడ్డెక్కకండి. ఖాళీ బ్యాటరీని నింపే శ్రమంతా కొత్త ఆల్టర్నేటర్ మీద పడి వేడెక్కుతుంది. రాత్రంతా ఛార్జర్‌కి పెట్టండి, లేకపోతే షాపులోనే ఛార్జ్ చేసివ్వమని అడగండి. తర్వాత మీటరు పెట్టి ఆ పద్నాలుగు కళ్ళారా చూసుకోండి. వారంటీ షాపులో మీ ఫోన్ నంబరు మీద ఎక్కించి ఉంటుంది, బిల్లు కూడా ఫొటో తీసి పెట్టుకోండి. రేపు కారు జూనియర్‌కి అమ్మితే ఆ వారంటీ మామూలుగా అతనికి వెళ్ళదు. ఆ మాట బేరం అప్పుడే చెప్పెయ్యండి.